ధ్వని చూపిన ఊట

రాజోలు ప్రాంతంలో పెళ్ళి భోజనమంటే సామాన్యమైన విషయం కాదు. కొబ్బరాకుల పందిరి కింద అరటాకుల ముందు ఊరు ఊరంతా పంక్తులు తీరుతుంది. పనసపొట్టు కూర, పులుసులు, ఆవకాయ, పూతరేకులు ఒకదాని వెంట ఒకటి ఆకులోకి వచ్చిపడుతూనే ఉంటాయి. వడ్డించేవారి మర్యాద ఎంతటిదంటే, ఆకు మీద రెండు చేతులూ అడ్డుపెట్టి కూర్చుంటే తప్ప చాలునన్న మాట వారి చెవికెక్కదు. అటువంటి సీమలో నలభై యేళ్ళు దాటిన ఒక గృహిణి రెండేళ్ళపాటు ఏ శుభకార్యంలోనూ పంక్తిలో కూర్చోలేదు. పిలిచిన ఇంటికి వెళ్ళేది, వధూవరులపై అక్షింతలు వేసేది, తలనొప్పి అనో ఉపవాసమనో చెప్పి తిరిగి వచ్చేది.

ఆమె బాధ విచిత్రమైనది. మొదటి ముద్ద నోట పెట్టిన మరుక్షణం కుడి దవడ కింద బిగపట్టినట్లయి, రేగుపండంత వాపు లేచేది. పులుసు కలిపిన ముద్దయితే మరింత పెద్దదయ్యేది. నొప్పి చెవిదాకా పాకేది. గంటో రెండు గంటలో గడిస్తే ఆ వాపు దానంతటదే తీసిపోయేది. పక్కన కూర్చున్నవారు మొదట జాలిగా చూసేవారు; ఆ తరువాత ఎవరి చూపయినా ఆ వాపు మీదనే నిలిచేది. చిన్ననాటి గవదబిళ్ళలే తిరగబెట్టాయని అత్తగారు పట్లు వేసింది. పిప్పిపన్ను వల్లనే అని ఒకరంటే పన్ను పీకించారు. ఊరిలో ఇచ్చిన బిళ్ళలతో నెల రోజులు నెమ్మదించి మళ్ళీ మొదలైంది. చివరికి ఎవరి నోటనో 'గడ్డ' అనే మాట, దాని వెనుకనే అంతకంటె భయంకరమైన మరొక మాట వెలువడ్డాయి. క్యాన్సరే అయితే హైదరాబాదు వెళ్ళక తప్పదనీ, వెళితే లక్షలతో పని అనీ ఇంట్లో గుసగుసలు సాగాయి. ఉన్న ఎకరంన్నర కొబ్బరితోటలో అరెకరం బేరం పెట్టారు. పెళ్ళీడుకు వచ్చిన కూతురి సంబంధం వాయిదా పడింది. ఇంత జరిగినా, ఆ వాపులో ఏముందో అంతవరకు ఎవరూ చూసింది లేదు.

తెలుగువారికి నోటి నీటితో ఉన్న సంబంధం వింతైనది. ఇష్టమైన వంటకాన్ని తలచుకొంటే నోరూరుతుందంటారు. అదే నీరు నోటిని దాటి వెలుపలికి వస్తే ఎంగిలి అంటారు. ఆ ఒక్క మాట చుట్టూ ఎన్ని ఆచారాలు, ఎన్ని అవమానాలు! శబరి కొరికి ఇచ్చిన పండ్ల కథ జనం నోట అంతగా నిలిచిపోవడానికి కారణం, ఆమె దాటినది సామాన్యమైన గీత కాకపోవడమే. శరీరశాస్త్రం దృష్టిలో మాత్రం లాలాజలం రోత కాదు. రోజుకు సుమారు లీటరు నుండి లీటరున్నర వరకు ఊరే ఈ ద్రవంలో నూటికి 99 వంతులు నీరే. మిగిలిన ఆ ఒక్క వంతులోనే అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైము, సూక్ష్మజీవులను అణచే పదార్థాలు, పంటి పింగాణీని కాపాడే కాల్షియం లవణాలు ఇమిడి ఉన్నాయి. వట్టి అన్నాన్ని కాసేపు నములుతూ ఉంటే తియ్యబడటం ఎవరైనా పరీక్షించి చూడవచ్చు.

ఈ ఊటకు మూలాలు మూడు జతల పెద్ద గ్రంథులు. చెవుల ముందు ఒక జత, దవడ ఎముక కింద ఒక జత, నాలుక అడుగున ఒక జత. ఇవికాక పెదవుల లోపల, బుగ్గలలో, అంగిటిలో వందలకొద్దీ చిన్న గ్రంథులు ఉంటాయి. దవడ కింది గ్రంథి నుండి నోటిలోకి నీటిని తెచ్చే నాళాన్ని ఇంగ్లండు వైద్యుడు థామస్ వార్టన్ 1656లో వర్ణించాడు. చెవి ముందటి గ్రంథి నాళాన్ని 1660లో ఆమ్‌స్టర్‌డాం నగరంలో ఒక గొర్రె తలను కోసి పరిశీలిస్తూ నీల్స్ స్టెన్సెన్ అనే డెన్మార్కు యువకుడు కనుగొన్నాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. అదే స్టెన్సెన్ తరువాతి కాలంలో నేలపొరల శాస్త్రానికి పునాది వేశాడు. ఒక ఘనపదార్థంలో మరొక ఘనపదార్థం ఎలా చిక్కుకొంటుందని ఆలోచిస్తూ 1669లో గ్రంథం ప్రకటించాడు. లాలాజలపు దారిని వెదకినవాడే, రాతిలోని శంఖానికి కారణం వెదికాడన్నమాట. శాస్త్రచరిత్రలో ఇటువంటి కలయికలు మనసుకు ఆహ్లాదం కలిగిస్తాయి.

కాలువ ఉన్నచోట పూడిక తప్పదని గోదావరి డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. లాలాజల నాళాలలోనూ కొన్నిసార్లు కాల్షియం లవణాలు ఒక చిన్న కణం చుట్టూ పొరలు పొరలుగా పేరుకొని రాయిగా మారతాయి. ఈ రాళ్ళలో నూటికి 80 వరకు దవడ కింది గ్రంథికి సంబంధించినవే కావడానికి తగిన కారణాలున్నాయి. ఆ గ్రంథి నీరు చిక్కన; అందులో కాల్షియం పాలు ఎక్కువ; సుమారు 5 సెంటీమీటర్ల పొడవున్న ఆ నాళం పల్లం నుండి మెరకకు ఎక్కి, నాలుక కింద సన్నని రంధ్రంతో ముగుస్తుంది. మెరకకు పారవలసిన కాలువ తొందరగా పూడుతుంది. ఆకలివేళ పులుపు నాలుకకు తగలగానే గ్రంథి ఒక్కసారిగా ఊరుతుంది, రాయి అడ్డుపడుతుంది, నిలిచిన నీరు గ్రంథిని ఉబ్బిస్తుంది. కొంతసేపటికి నీరు రాయి పక్కనుండి మెల్లగా జారిపోగా వాపు తీస్తుంది. రాజోలు గృహిణి రెండేళ్ళుగా అనుభవిస్తున్నది ఇదే. కాని ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఒకప్పుడు లంక గ్రామాల వారికి పెద్ద వైద్యమంటే పంటి ఎక్కి ఏరు దాటడమే. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసిన తరువాత కూడా, గౌతమి పొంగితే రోగి ఒక ఒడ్డున, వైద్యుడు మరొక ఒడ్డున ఉండవలసి వచ్చేది. నేడు వైనతేయ మీద పాశర్లపూడికీ బోడసకుర్రుకూ నడుమ వారధి ఉంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా కాగా అమలాపురం దానికి కేంద్రమైంది. ఆసుపత్రులు, స్కానింగు కేంద్రాలు అక్కడ వీధుల వెంట కనబడతాయి. హైదరాబాదు పోయేముందు ఒక్కసారి అమలాపురంలో చూపించమని కూతురు పట్టుపట్టింది. ఆ పిల్ల మాట వినడమే ఆ ఇంటికి మేలయింది.

స్కానింగు గది గోడ మీద, గర్భస్థ శిశువు ఆడో మగో ఇక్కడ చెప్పబడదు, అలా చెప్పడం నేరం అన్న బోర్డు ఉంది. 1994 నాటి చట్టం, 2003లో దానికి జరిగిన సవరణ ఇటువంటి బోర్డును తప్పనిసరి చేశాయి. బోర్డు చూసి ఆమె వెనుకకు తగ్గింది. స్కానింగు కడుపుతో ఉన్నవాళ్ళకు కదా, మెడకేమిటి అని సందేహపడింది. ఆ సందేహం ఆమె ఒక్కతెదే కాదు. కోనసీమలో స్కానింగు అనగానే జనానికి తోచేది ఉమ్మనీరు. ఉమ్మినీటికి కూడా ఆ యంత్రమే పనికివస్తుందని తెలిసినవారు అరుదు. నిజానికి ఈ విద్య వైద్యంలో కాలుమోపినది గడ్డల ద్వారానే. 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్, అతని సహచరులు ఉదరంలోని గడ్డలను ధ్వనితో పరీక్షించిన విధానాన్ని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. నయంకాని క్యాన్సరని ఆశ వదులుకొన్న ఒక స్త్రీ కడుపులో ఉన్నది కేవలం నీటితిత్తి అని ధ్వని తరంగాలు చూపగా, శస్త్రచికిత్సతో ఆమె బ్రతికి బయటపడింది. రాజోలు గృహిణి ఆ కథ విని ఉంటే బల్ల ఎక్కడానికి అంత జంకేది కాదు.

ధ్వనితో చూడటమనే మాట వినడానికి చమత్కారంగా ఉంటుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సు దేశపు క్యూరీ సోదరులు కనుగొన్నారు. తిరగవేసి, విద్యుత్తు ప్రసరింపజేస్తే స్ఫటికం కంపించి ధ్వనిని పుట్టిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పాల్ లాంజివిన్ అనే శాస్త్రవేత్త ఈ ధ్వనిని నీటిలోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గాములను పసికట్టే పద్ధతి రూపొందించాడు. నేడు సముద్రంపైకి పోయే మరపడవలలో చేపల గుంపు జాడ తీసే యంత్రం పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. మెడను పరీక్షించే పరికరం సెకనుకు 70 లక్షల నుండి కోటిన్నర వరకు కంపనాలు గల ధ్వనిని పంపుతుంది. మెత్తని శరీర భాగాలలో అది సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతూ, కండ, కొవ్వు, గ్రంథి, నాళం కలిసే ప్రతి హద్దు దగ్గర కొంత వెనుకకు మళ్ళుతుంది. ఆ మళ్ళిన ధ్వనే తెర మీద బొమ్మ అవుతుంది. కంపనాలు పెరిగిన కొద్దీ బొమ్మలో స్పష్టత పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. కడుపులోని కాలేయాన్ని చూడాలంటే లోతు కావాలి. లాలాజల గ్రంథులు చర్మం కిందనే ఉన్నాయి కనుక లోతును వదులుకొని స్పష్టతను ఎన్నుకోవచ్చు. కోత లేదు, సూది లేదు, ఎక్స్-కిరణాల ప్రసక్తి లేదు. పూర్వం ఈ గ్రంథులను చూడటానికి నాళపు రంధ్రంలో సన్నని గొట్టం దూర్చి, రంగుమందు ఎక్కించి ఎక్స్-రే తీసేవారు. చీము పట్టిన గ్రంథికి ఆ పరీక్ష పనికిరాదు, నొప్పి సరేసరి.

బల్ల మీద పడుకొన్న ఆమె మెడకు చల్లని జిగురు పూస్తూ రేడియాలజీ వైద్యుడు మాట కలిపాడు.

"ఏమ్మా, ఈ వాపు రోజంతా ఉంటుందా, అన్నం తినేటప్పుడే వస్తుందా?"

"ఆయ్, అన్నం ముందు కూచుంటేనే వస్తదండి. పులుసైతే మరీ పెద్దదైపోద్దండి. పొద్దున్నే లేచేసరికి ఏమీ ఉండదండి."

"అయితే సగం రోగం మీరే చెప్పేశారమ్మా. మిగతా సగం ఈ యంత్రం చెబుతుందేమో చూద్దాం."

రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవారు లేరు. ఎంత ఖరీదైన యంత్రమైనా, అడగవలసిన ప్రశ్నకు బదులుగా నిలువజాలదు.

ఆరోగ్యంగా ఉన్న లాలాజల గ్రంథి తెర మీద మెత్తగా విసిరిన బియ్యప్పిండిని సమంగా పరచినట్లు తెల్లని బూడిదరంగులో కనబడుతుంది. చుట్టూ ఉన్న కండ దానికంటె నల్లగా ఉంటుంది. ఆమె ఎడమ గ్రంథి అలాగే ఉంది. కుడి గ్రంథి కొంచెం పెరిగి, అక్కడక్కడ మసకబారి ఉంది. కాని నాళం మాత్రం జాడలేదు. ఖాళీగా ఉన్న నాళం ముడుచుకొని ఉంటుంది కనుక కనబడదు. అప్పుడు వైద్యుడు ఒక నిమ్మచెక్క తెప్పించి చప్పరించమన్నాడు. ఏ పులుపుకు భయపడి ఆమె పంక్తులకు దూరమైందో ఆ పులుపునే ఆమె నోట పెట్టడం విడ్డూరంగా తోచవచ్చు; కాని గ్రంథిని ఊరించి నాళాన్ని నింపడానికి ఇంతకంటె సులభమైన సాధనం లేదు. కొద్ది క్షణాలలో ఆమె ముఖం నొప్పితో ముడుచుకొంది. అదే సమయంలో తెర మీద ఒక నల్లని కాలువ మెల్లగా విచ్చుకొంది. అది రక్తనాళమేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి వైద్యుడు డాప్లర్ మీట నొక్కాడు. ప్రవాహపు రంగు కనబడలేదు. కనుక అది నిలిచిన నీరే. ఆ కాలువ వెంట పరికరాన్ని ముందుకు జరపగా, నాలుక కిందికి వచ్చేచోట నెలవంక వంటి తెల్లని మెరుపు, దాని వెనుక నల్లని నీడ. రాయి ధ్వనిని ముందుకు పోనివ్వదు. ఎండలో కొబ్బరిచెట్టు వెనుక నీడ పడినట్లు రాయి వెనుక ధ్వని లేని చీకటి పడుతుంది. కొలిచి చూస్తే 6 మిల్లీమీటర్లు.

ఇదంతా పావుగంట పని. దీనిని బట్టి ఈ పరీక్ష సర్వజ్ఞమని భ్రమపడరాదు. రెండు మూడు మిల్లీమీటర్ల కంటె చిన్న రాళ్ళు నీడ వేయక తప్పించుకోవచ్చు. చెవి ముందటి గ్రంథిలో కొంత భాగం దవడ ఎముక చాటున ఉంటుంది. ధ్వని ఎముకను దాటలేదు కనుక అక్కడ ఏమున్నా ఎం.ఆర్.ఐ. వంటి పరీక్ష కావాలి. ఆ గ్రంథి గుండా పోయే ముఖనాడి కూడా సాధారణంగా తెర మీద కనబడదు. కత్తి పట్టే వైద్యుడికి అన్నిటికంటె ముఖ్యమైనది ఆ నాడే. అది తెగితే ముఖం ఒక వైపు వాలిపోతుంది. నాడి కనబడని చోట దాని సమీపంలోని సిరను గుర్తుగా పెట్టుకొని, గడ్డ పైపొరలో ఉందా లోపొరలో ఉందా అని అంచనా వేస్తారు. ఊరిలో ఆనవాళ్ళు చెప్పి ఇల్లు చూపినట్లే ఇదీను.

గడ్డల సంగతి వచ్చింది కనుక ఆ మాట కూడా చెప్పుకోవాలి. చెవి ముందటి గ్రంథిలో పుట్టే గడ్డలలో ఎక్కువ భాగం, నూటికి 80 వరకు, ప్రాణాపాయం లేనివే. గ్రంథి చిన్నదయిన కొద్దీ అందులోని గడ్డ చెడ్డదయ్యే అవకాశం పెరుగుతుంది. అంచులు నునుపుగా ఉన్నాయా, చుట్టూ ఉన్న భాగాలలోకి చొచ్చుకొనిపోయిందా, మెడలోని బిళ్ళలు ఉబ్బాయా అన్నది స్కానింగులో తెలుస్తుంది. అయినా తుదితీర్పు స్కానింగుది కాదు. తెర మీద చూస్తూ సన్నని సూదితో గడ్డలోని కణాలను తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి.

ఊట అడ్డుపడటం ఒక రోగం. ఊట ఎండిపోవడం మరొకటి. 1933లో స్వీడన్ దేశపు కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ కళ్ళు, నోరు ఎండిపోయే స్త్రీల రోగాన్ని గూర్చి సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. శరీర రక్షణకు ఉండవలసిన కణాలే దారితప్పి కన్నీటి గ్రంథులమీద, లాలాజల గ్రంథులమీద దాడి చేయడం దీనికి మూలం. రోగులు పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలు. అందులోనూ నడివయసు వారే ఎక్కువ. వీరు అన్నం తింటూ ముద్దముద్దకూ మంచినీళ్ళు తాగుతారు. రాత్రి నాలుక అంగిటికి అంటుకొని మెలకువ వస్తుంది. పళ్ళు ఒకదాని తరువాత ఒకటి పుచ్చిపోతాయి. ఎండలవల్లననీ, వయసువల్లననీ ఇంట్లోవారు తీసిపారేస్తారు. ఆడవారి నోరెండటం ఎవరి దృష్టికి వస్తుంది? స్కానింగులో ఈ గ్రంథులు చిమ్మటలు కొట్టిన బట్టలాగ నల్లని చుక్కలతో కనబడతాయి. 1992లోనే ఇటలీ వైద్యులు ఆ మచ్చలను బట్టి రోగతీవ్రతను లెక్కగట్టే పద్ధతిని ప్రతిపాదించారు. అయినప్పటికీ 2016లో అంతర్జాతీయంగా కుదిరిన ప్రమాణాలలో స్కానింగుకు చోటు దక్కలేదు. రక్తపరీక్షకు, పెదవి లోపలి చిన్న గ్రంథి ముక్క పరీక్షకు దక్కింది. చూసేవారి చేతిని బట్టి ఫలితం మారుతుందన్న శంక ధ్వని పరీక్షను మొదటినుండీ వెంటాడుతున్నదే. ఆ శంకలో నిజం లేకపోలేదు. చేయి తిరిగిన వైద్యుడు లేకుంటే ఎంతటి యంత్రమైనా బూడిదరంగు మబ్బులనే చూపుతుంది. ఈ రోగులలో కొద్దిమందికి ఆ గ్రంథులలోనే లింఫ్ కణాల క్యాన్సరు పుట్టే ప్రమాదం ఉంది కనుక, ఏటా ఒకసారి మెడమీద ఆ పరికరం పెట్టి చూడటం వృథా కాదు.

పిల్లల విషయం ఒక్క మాటలో చెప్పవచ్చు. గవదబిళ్ళలు ఒకసారి వస్తే సాధారణంగా మళ్ళీ రావు. ఏడాదిలో మూడవసారి 'గవదలు' వచ్చాయని పిల్లవాడిని తీసుకొనివస్తే, అది గవద కాదు, చెవి ముందటి గ్రంథిలో మాటిమాటికీ వచ్చే మరొక వాపు కావచ్చునని అనుమానించి స్కానింగుకు పంపాలి.

రాజోలు గృహిణి రాయి అదృష్టవశాత్తు నాళపు మొదలుకు కాక చివరకు చేరి ఉంది. గ్రంథి లోపల ఉంటే సన్నని దుర్భిణి దూర్చి తీయవలసి రావచ్చు, ఒక్కొక్కప్పుడు గ్రంథినే తొలగించవలసి రావచ్చు. ఈమెకు ఆ అవసరం కలగలేదు. అమలాపురంలోనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు నాలుక కింద మత్తుసూది వేసి, చిన్న గాటు పెట్టి రాయిని బయటికి తీశాడు. వెంటనే నాలుగైదు చుక్కల చీము, ఆ వెనుక తేటనీరు వచ్చాయి. నీరు బాగా తాగమని, రోజూ నిమ్మచెక్క చప్పరించమని చెప్పి సాయంత్రానికి పంపివేశారు. రెండు వారాల తరువాత మళ్ళీ స్కానింగు చేస్తే కాలువ సన్నబడింది, నీడ లేదు.

ఆ రాయిని ఆమె దూదిలో చుట్టి ఇంటికి తెచ్చింది. పసుపు కలిసిన తెలుపురంగులో, గరుకుగా, వడ్లగింజకంటె చిన్నది. అత్తగారు దానిని అరచేతిలో వేసుకొని కిటికీ దగ్గరకు తీసుకొనిపోయి చాలాసేపు చూసింది. "దీనికేనంటే అరెకరం బేరం పెట్టింది?" అంది. ఎవరూ బదులు పలకలేదు. కొడుకు లేచి చొక్కా వేసుకొని, తోట అడిగినవారి ఇంటివైపు నడిచాడు. ఆ ఏడు ఎకరంన్నర తోటలో దింపు ఆ ఇంటివారే తీయించుకొన్నారు.